హామ్ రేడియో పోటీలు - తరగతుల న్యాయం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో సంక్రాంతికీ, తిరునాళ్ళకూ జరిగే ఎడ్ల బండలాగుడు పందేలను మన విద్యార్థులలో చాలమంది చూసే ఉంటారు. బండ కట్టకముందు తెలిసిన రైతు ఒకడు ఎద్దు కింది పెదవిని వంచి పళ్ళు లెక్కపెడతాడు. పాలపళ్ళ విభాగం ఒకటి, రెండు పళ్ళ విభాగం ఒకటి, ఆ తరువాత నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. నోరంతా పళ్ళు వచ్చిన పెద్ద ఎడ్లకు వేరే పందెం. విభాగాన్ని బట్టి బండ బరువు కూడా మారుతుంది. ఇచ్చిన కాలంలో ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది.

పళ్ళే ఎందుకు చూడాలి? ఎద్దు వయస్సు ఎంతో యజమాని చెప్పవచ్చును గదా అంటే, చెప్పవచ్చును. కాని ఆ మాటను సరిచూసే దారి లేదు. పశువుకు కింది దవుడ ముందుభాగాన ఎనిమిది పాలపళ్ళుంటాయి. రెండేళ్ళు దాటిన తరువాత అవి జత జతగా ఊడి, వాటి స్థానంలో శాశ్వతదంతాలు వస్తాయి. కాబట్టి పళ్ళు ప్రకృతి వేసిన ముద్ర. మేత, తరిఫీదు, తోలేవాని నేర్పు - ఇవేవీ పళ్ళలో కనబడవు. అయినా ఆ విభజనను అందరూ ఒప్పుకొంటారు. దానికి కారణాలు రెండు. దూడకూ, ఎదిగిన ఎద్దుకూ బలంలో ఉన్న తేడా చాల పెద్దది. ఆ తేడాను ఎవడైనా వచ్చి కంటితో చూడవచ్చును.

ఔత్సాహిక రేడియో వారు, అనగా హాములు, తమలో తాము జరుపుకొనే పోటీలలో కూడా ఇట్టి విభాగాలే ఉన్నాయి. అక్కడ పోటీదారు వేల మైళ్ళ అవతల ఉంటాడు. అతని యంత్రాన్ని న్యాయనిర్ణేత చూడడు. మరి తరగతులను దేనినిబట్టి విభజించాలి? ఆ విభజన ఎంతవరకు న్యాయం? ఈ ప్రశ్న హాముల మధ్య ఎన్నో ఏళ్ళుగా నలుగుతున్నది. ఇందులో భౌతికశాస్త్రం చాల ఉన్నది గనుక పాఠశాలలలో చర్చించడానికి తగిన విషయం.

ముందు పోటీ అంటే ఏమిటో చూద్దాము. వ్యాపారానికి గాక, విజ్ఞానం కోసమూ వినోదం కోసమూ సొంతంగా రేడియో ప్రసారిణిని నడుపుకొనేందుకు ప్రభుత్వం అనుమతి పొందినవాడు హామ్. మన దేశంలో పరీక్ష పెట్టి ఈ లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు కూడా పరీక్షకు కూర్చోవచ్చును. ప్రతి హాముకు ఒక సంకేతనామం ఉంటుంది. మన దేశపు సంకేతనామాలు ఎక్కువగా వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. పోటీ కాలంలో వీలైనంతమందితో, వీలైనన్ని దేశాలతో మాట్లాడాలి. మాట్లాడడమంటే కబుర్లు కావు: ఒకరి సంకేతనామం ఒకరు చెప్పుకొని, సంకేతం ఎంత బాగా వినబడుతున్నదో చెప్పి, ఒక సంఖ్యను ఇచ్చి పుచ్చుకోవడం. ఆరితేరినవారు దీనిని కొద్ది సెకనులలో ముగిస్తారు.

ఇట్టి పోటీలలో పెద్దది సి.క్యు. వరల్డ్ వైడ్. ఇది 1948లో మొదలైంది. అక్టోబరు చివరి వారాంతంలో మాటలతోను, నవంబరు చివరి వారాంతంలో మోర్స్ సంకేతాలతోను 48 గంటలపాటు సాగుతుంది. ప్రపంచాన్ని 40 మండలాలుగా విభజించారు. మనది 22వ మండలం. ప్రతి సంభాషణకూ కొన్ని మార్కులు. వాటి మొత్తాన్ని, అందుకొన్న దేశాల, మండలాల సంఖ్యతో హెచ్చవేస్తే తుది ఫలం వస్తుంది.

వాట్లను బట్టి తరగతులు

ఈ పోటీలో ఒంటరిగా పాల్గొనేవారికి ప్రసారిణి వెలువరించే శక్తిని బట్టి మూడు తరగతులున్నాయి. 5 వాట్ల వరకు ఒకటి, 100 వాట్ల వరకు ఒకటి, 1500 వాట్ల వరకు ఒకటి. ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి? భౌతికశాస్త్రం నుంచి కాదు. 1500 వాట్లు అమెరికా చట్టం అక్కడి హాములకు అనుమతించిన పరమావధి. 100 వాట్లు బజారులో దొరికే సామాన్యమైన యంత్రం ఇచ్చే శక్తి. ఒక హద్దును చట్టం గీసింది, మరొకదానిని బజారు గీసింది.

మన దేశపు నియమాలలో హ్రస్వతరంగాల మీద రిస్ట్రిక్టెడ్ గ్రేడు వారికి 50 వాట్లు, జనరల్ గ్రేడు వారికి 400 వాట్లు హద్దుగా పెట్టారు. కాబట్టి మనవాడు పెద్ద తరగతిలో దిగితే 400 వాట్లతో 1500 వాట్లవానిని ఎదుర్కోవాలి. వినడానికి ఘోరమైన అన్యాయంగా కనిపిస్తుంది. ఎంత అన్యాయమో లెక్కవేసి చూద్దాము.

శక్తుల నిష్పత్తిని రేడియో ఇంజనీర్లు డెసిబెళ్ళలో చెబుతారు. నిష్పత్తికి లాగరిథమ్ కట్టి పదితో హెచ్చవేస్తే డెసిబెళ్ళు వస్తాయి. రెండింతల శక్తి 3 డెసిబెళ్ళు, పదింతలు 10, నూరింతలు 20. చెవి కూడా ఇంచుమించు ఈ పద్ధతిలోనే వింటుంది గనుక ఇది అనుకూలమైన కొలత. రేడియో గ్రాహకం ముఖాన సంకేతబలాన్ని చూపే మీటరులో ఒక్కొక్క గీత 6 డెసిబెళ్ళని ఒప్పందం. ఇప్పుడు 1500ను 400తో భాగిస్తే 3.75; లాగరిథమ్ పట్టిక చూస్తే 5.7 డెసిబెళ్ళు. అంటే మన చట్టం వల్ల మనవానికి జరిగే నష్టం మీటరు మీద ఒక గీతకు కొంచెం తక్కువ. నష్టమే, కాని గెలుపునూ ఓటమినీ అదొక్కటే తేల్చేంతటిది కాదు.

5 వాట్లకూ 100 వాట్లకూ నిష్పత్తి 20. అది 13 డెసిబెళ్ళు. 100కూ 1500కూ నిష్పత్తి 15, అది 11.8 డెసిబెళ్ళు. తరగతికీ తరగతికీ మధ్య రెండేసి గీతల ఎడం ఉన్నదన్నమాట. ఇది చిన్న తేడా కాదు. వినబడే సంకేతాన్ని రొదలో ముంచివేయగలిగిన తేడా. ఇంతవరకు విభజన సరిగానే ఉన్నట్లు తోస్తుంది.

ఐతే హద్దు దగ్గర నిలబడినవాని సంగతి చూడండి. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ 2000 దశకం తొలిభాగంలో బిట్ఎక్స్ అనే చిన్న యంత్రాన్ని రూపొందించారు. ఖరీదైన విదేశీ యంత్రం కొనలేనివాడు మామూలు బజారులో దొరికే సరుకుతో తానే అమర్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. ప్రత్యేకమైన అయస్కాంతపు ఉంగరాలు దొరకని చోట నీటికుళాయి వాషరు మీద తీగ చుట్టినా సరిపోయేటట్లు దానిని కుదిర్చారు. మన దేశంలోనే గాక ప్రపంచమంతటా విద్యార్థులూ, హాములూ దానిని కట్టుకొన్నారు. అది ఇచ్చే శక్తి సుమారు 6, 7 వాట్లు.

ఇప్పుడు నరసరావుపేటలో ఒక విద్యార్థి దానిని కట్టుకొని పోటీలో దిగాడనుకొందాము. అతని యంత్రం 7 వాట్లు ఇస్తున్నది. నియమం 5 వాట్ల దగ్గర గీత గీసింది గనుక అతడు 100 వాట్ల తరగతిలో పడతాడు. 7కూ 5కూ తేడా ఒకటిన్నర డెసిబెల్. ఆ తేడా చెవికి ఆనదు. 100కూ 7కూ తేడా పదకొండున్నర. ఎవరితో సమానుడో వారినుంచి విడదీసి, ఎవరితో సమానుడు కాడో వారి మధ్య కూర్చోబెట్టినట్లయింది. ప్రసారిణిలోని చివరి మెట్టుకు అందే సంకేతాన్ని కొంచెం తగ్గించుకొని 5 వాట్లకు దిగడం కష్టమేమీ కాదు, తెలివైనవారు అదే చేస్తారు. కాని గీత ఎక్కడ గీసినా దానికి ఇరువైపులా ఇట్టివారు తప్పక ఉంటారు. పంటచేలో గట్టు వేసినట్లే. గట్టు పక్క రెండు మొక్కలు ఒక్క నీరే తాగుతాయి, లెక్కలో మాత్రం వేరు వేరు చేలవి.

లెక్కకు రాని బలం

దీనికంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. ప్రసారిణిలో పుట్టిన శక్తిని ఆకాశంలోకి పంపేది ఏరియల్. ఆ ఏరియల్ ఎట్టిదో వాట్ల తరగతి అడగదు.

14 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 21 మీటర్లు. ఈ తరంగంతో పనిచేసే ఇద్దరిని తీసుకొందాము. ఇద్దరి ప్రసారిణులూ 100 వాట్లవే. మొదటివాడు అరతరంగం పొడవున్న తీగను పదిన్నర మీటర్ల ఎత్తున, రెండు వెదురు గడలకో చెట్లకో కట్టుకొన్నాడు. రెండవవానికి ఇరవైయొక్క మీటర్ల ఇనుపస్తంభం మీద మూడు కడ్డీల దిశాఏరియల్ ఉన్నది. కావలసిన దిక్కుకు దానిని తిప్పుకొంటాడు.

అడ్డంగా కట్టిన ఏరియల్ నుంచి బయలుదేరిన తరంగం కొంత నేరుగా పోతుంది, కొంత నేల మీద పడి పరావర్తనం చెంది పోతుంది. ఈ రెండూ ఎక్కడ కలిసివస్తాయో ఆ కోణంలో ప్రసారం బలంగా ఉంటుంది. ఆ కోణపు సైన్ విలువ, తరంగదైర్ఘ్యాన్ని ఎత్తుకు నాలుగింతలతో భాగిస్తే వస్తుంది. ఎత్తు అరతరంగమైతే సైన్ అర. కోణం 30 డిగ్రీలు. ఎత్తు ఒక తరంగమైతే సైన్ పావు. కోణం పద్నాలుగున్నర డిగ్రీలు. నేలకు సుమారు 300 కిలోమీటర్ల పైన అయనావరణం ఈ తరంగాన్ని తిరిగి కిందికి వంచుతుంది. 30 డిగ్రీలతో బయలుదేరినది ఒక్క అంగలో వెయ్యి కిలోమీటర్లకు కొంచెం లోపే దిగుతుంది. పద్నాలుగున్నర డిగ్రీలతో పోయినది 1700 కిలోమీటర్లు దాటుతుంది. మన గుంటూరుకు మధ్య ఐరోపా దాదాపు ఏడువేల కిలోమీటర్లు. ఒకనికి ఎనిమిది అంగలు, మరొకనికి నాలుగు. నేలను తాకినప్పుడల్లా, పగటిపూట కింది పొరలగుండా పోయినప్పుడల్లా తరంగం కొంత బలం పోగొట్టుకొంటుంది.

తరంగాలన్నీ ఒకే కోణంలో పోవు గనుక, 10 డిగ్రీల దగ్గర ఇద్దరి బలాన్నీ పోల్చుదాము. ఎత్తులోని తేడా ఒక్కటే 4.7 డెసిబెళ్ళ లాభం ఇస్తుంది. మూడు కడ్డీల ఏరియల్ సామాన్య తీగకంటె మరి 5 డెసిబెళ్ళు ఎక్కువ. రెండూ కలిపితే 9.7, అంటే తొమ్మిదింతలకు పైగా. రెండవవాని 100 వాట్లు, మొదటివాని తీగ మీద పోసిన 900 పైచిలుకు వాట్లతో సమానమన్నమాట! ఇద్దరూ "తక్కువ శక్తి" తరగతివారే.

ఇంకొక విశేషం. శక్తి పెంచితే మన మాట అవతలివానికి వినబడుతుంది, అంతే. మంచి ఏరియల్ మాత్రం పంపేటప్పుడు ఎంత సాయపడుతుందో వినేటప్పుడూ అంత సాయపడుతుంది. 1500 వాట్లు పెట్టి చెడ్డ ఏరియల్ కట్టుకొన్నవాడు ప్రపంచమంతా మారుమోగుతాడు గాని, తనను పిలిచేవారి గొంతు వినలేడు. ఇట్టి స్టేషనును హాములు మొసలి అని ఎగతాళి చేస్తారు - నోరే గాని చెవులు లేవని! అందువల్ల అనుభవజ్ఞులు డబ్బు చేతికొస్తే ముందు ఏరియల్‌కు పెట్టి, ఆ తరువాతనే శక్తికి పెడతారు. తరగతుల విభజన మాత్రం రెండవదానిని కొలిచి మొదటిదానిని వదిలివేసింది.

దీనిని గుర్తించిన పోటీలు లేకపోలేదు. సి.క్యు. వారిదే డబ్ల్యు.పి.ఎక్స్. అనే మరొక పోటీలో ఒక ఉపతరగతి ఉన్నది. 14, 21, 28 మెగాహెర్ట్జ్ తరంగాలకు కలిపి ఒక్కటే దిశాఏరియల్, దానికి ఒక్కటే తీగ. కింది తరంగాలకు ఒక్కొక్క కడ్డీ లేదా తీగ ఏరియల్ మాత్రమే. ఇంటి పెరటిలో ఒక సామాన్యుడు కట్టుకోగలిగినంతే. ఈ విభజన నాకు వాట్ల విభజనకంటె తెలివైనదిగా తోస్తుంది. అయినా ఇక్కడ కూడా స్తంభం ఎత్తు ఎంత అని అడగరు!

ఇక నేల సంగతి. నిటారుగా నిలబెట్టిన ఏరియల్‌కు కింది నేల విద్యుద్వాహకత చాల ముఖ్యం. సముద్రజలం వాహకత మీటరుకు సుమారు 5 సీమన్లు. తేమగల బంకనేలలకు పాఠ్యగ్రంథాలలో 0.01 నుంచి 0.03 వరకు ఇస్తారు, రాతినేలలకు 0.001 ప్రాంతం. పత్తి, మిరప పండే మన నల్లరేగడి బంకనేలే. వానాకాలంలో నీరు పట్టి ఉబ్బినప్పుడు ఏరియల్‌కు అనుకూలం. ఎండాకాలంలో బెత్తెడు నెర్రెలు విచ్చినప్పుడు పైపొర వాహకత పడిపోతుంది. కనిగిరి వైపు రాతినేలలో ఉన్నవానికి ఆ మాత్రం భాగ్యమూ లేదు. చీరాల, బాపట్ల, నిజాంపట్నం తీరాన, అలల ఒడ్డున గడ పాతి తీగ నిలబెట్టినవానికి, సముద్రం వైపు పోయే తక్కువ కోణపు తరంగాలలో 5 నుంచి 10 డెసిబెళ్ళ లాభం పైసా ఖర్చు లేకుండా వస్తుంది. ఇది యంత్రమా? కాదు. అయినా యంత్రం చేసే పనే చేస్తున్నది.

మార్కుల నియమం కూడా నేలవంటిదే. సి.క్యు. వరల్డ్ వైడ్‌లో వేరే ఖండంతో మాట్లాడితే మూడు మార్కులు, సొంత ఖండంలోని వేరే దేశంతో మాట్లాడితే ఒకటి, సొంత దేశంతో సున్న. జపానులో హాములు బహుసంఖ్యాకులు, మనకు అందేవారు. కాని జపాను ఆసియాలోనిది, కాబట్టి మనకు ఒక్క మార్కే. ఆఫ్రికాకు చేరిన కానరీ దీవులలో కూర్చొన్నవానికి ఐరోపా అంతా కూతవేటు దూరం, అయినా మనిషికి మూడేసి మార్కులు. పోటీలో గెలవాలని పట్టుబట్టినవారు పెట్టెలు సర్దుకొని అట్టి దీవులకు ప్రయాణం కట్టడంలో ఆశ్చర్యం లేదు.

పళ్ళు ఎవరు చూడాలి?

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు బస్తా విప్పి, చెయ్యి లోపలికి పెట్టి, తాలుకాయ ఎంత ఉన్నదో చూసి గాని ధర చెప్పడు. రేడియో పోటీ న్యాయనిర్ణేతకు బస్తా విప్పే అవకాశం లేదు. 100 వాట్లని రాసి ఇచ్చినవాడు 200 వాట్లు వాడితే తేడా 3 డెసిబెళ్ళు, మీటరు మీద అరగీత. అయనావరణంలో కలిగే మార్పుల వల్ల సంకేతం ఒక్క నిమిషంలోనే 10, 20 డెసిబెళ్ళు లేస్తూ పడుతూ ఉంటుంది. దూరాన కూర్చొని ఆ అరగీతను పట్టుకోవడం అసాధ్యం. కాబట్టి శక్తి తరగతి ప్రధానంగా పోటీదారు మాట మీద ఆధారపడి ఉన్నది. ఏళ్ళతరబడి అది నిలిచిందంటే ఎక్కువమంది మాట నిలబెట్టుకొంటున్నారనే అర్థం చేసుకోవాలి.

నిర్ణేతలకు కనబడేవి లేకపోలేదు. ప్రతి పోటీదారూ తాను ఎవరితో ఏ నిమిషాన ఏ తరంగం మీద మాట్లాడాడో చిట్టా పంపుతాడు. వేలాది చిట్టాలను కంప్యూటరుతో సరిచూస్తారు. ఎవరు ఎక్కడ పిలుస్తున్నారో ఇంటర్నెట్‌లో చూసి వారి మీదికి దూకేవానికి ఒక తరగతి, తన చెవులతోనే వెదకేవానికి ఒక తరగతి ఉన్నది. దొంగచాటుగా చూసినవాని చిట్టాలో ఆ వరుస తెలిసిపోతుంది. మోర్స్ సంకేతాలను తమంతట తామే విని బలాన్ని నమోదుచేసే గ్రాహకాలు ఇప్పుడు అనేక దేశాలలో ఉన్నాయి. ఒకే ప్రాంతపు ఇద్దరిని రోజంతా పోల్చి చూడడానికి అవి పనికివస్తాయి. అన్నిటికంటె సులభంగా కనబడేది ఏరియల్. దానిని దాచిపెట్టడం ఎవనికీ సాధ్యం కాదు. వీధిలో పోయే బాలుడు కూడా తలెత్తి చూస్తే కనబడుతుంది. అట్టిదానిని వదిలి, కనబడని వాట్లను పట్టుకొని తరగతులు కట్టడం తిరకాసుగానే ఉన్నది.

మరి ఏమి చెయ్యాలి? తరగతులు ఇంకా పెంచుదామని కొందరు అంటారు. ఇప్పటికే సి.క్యు. వరల్డ్ వైడ్‌లో ఒంటరివారికి శక్తిని బట్టి మూడు, సహాయాన్ని బట్టి రెండు, తరంగాల ఎంపికను బట్టి ఏడు - హెచ్చవేస్తే నలభైకి పైన గళ్ళు వచ్చాయి. గళ్ళు పెరిగినకొద్దీ ఒక్కొక్క గదిలో నలుగురైదుగురే మిగులుతారు. నలుగురిలో మొదటివాడినని చెప్పుకోవడంలో రుచి ఏమున్నది?

రెండవ మార్గం, అందరినీ ఒకే పందెంలో ఉంచి బలహీనునికి మార్కులు హెచ్చించడం. అమెరికా హాములు 1933 నుంచి జరుపుకొనే ఫీల్డ్ డే అనే కార్యక్రమంలో 5 వాట్లకు మించకుండా, విద్యుత్ సరఫరా మీదా పెట్రోలు జనరేటరు మీదా ఆధారపడక బ్యాటరీవంటి వాటితో నడిపినవారికి మార్కులను ఐదింతలు చేస్తారు. 1.8 మెగాహెర్ట్జ్ మీద జరిగే స్టూ పెర్రీ పోటీలో మరొక చమత్కారం ఉన్నది. అక్కడ మార్కు దూరాన్ని బట్టి వస్తుంది. ప్రతి 500 కిలోమీటర్లకూ ఒకటి అదనం. పైగా 5 వాట్లవానిని వినగలిగినవానికి ఆ సంభాషణ మార్కులు నాలుగింతలవుతాయి. దానితో పెద్ద పెద్ద స్తంభాలవారు కూడా రొద అడుగున చీమ నడిచినట్లు వినబడే సంకేతం కోసం చెవి రిక్కించి కూర్చొంటారు. బలహీనునికి దయతో ఇచ్చే బహుమతి కాదది. బలవంతుడే అతనిని వెదుక్కొంటూ రావాలి. ఇంతవరకు నేనెరిగిన నియమాలలో ఇది చాల నేర్పుగా కట్టినది.

మూడవ మార్గం తరగతులనే తీసివేసి అందరికీ ఒకే యంత్రబలం ఇవ్వడం. ప్రపంచ రేడియో క్రీడాజట్ల పోటీ 1990లో అమెరికాలోని సియాటిల్ నగరంలో మొదలైంది. 2010లో మాస్కో సమీపాన జరిగినప్పటినుంచి, ఖాళీ పొలాలలో డేరాలు వేసి, ప్రతి జట్టుకూ ఒకే ఎత్తు స్తంభం, ఒకే రకం ఏరియల్ ఇస్తున్నారు. 2014లో న్యూ ఇంగ్లండులో జరిగినప్పుడు 59 జట్లు పాల్గొన్నాయి. శక్తి 100 వాట్లు. ఎవరికి ఏ పొలమో చీటీ వేసి తేలుస్తారు. సంకేతనామం కూడా పోటీకి కొద్ది నిమిషాల ముందు గాని చెప్పరు. కాబట్టి మిత్రులు గుర్తుపట్టి పిలిచే వీలు లేదు. ప్రతి డేరాలోనూ ఒక న్యాయనిర్ణేత కూర్చొని వింటూ ఉంటాడు. బండలాగుడులో పళ్ళు చూసినట్లు ఇక్కడ అన్నీ కళ్ళ ముందే. లోపం ఒక్కటే: ఆ డేరా వరకు రావడానికి ముందు కొన్ని సంవత్సరాలు ఇంటినుంచి మామూలు పోటీలలో మార్కులు సంపాదించుకోవాలి. అక్కడ మళ్ళీ ఎత్తైన స్తంభాలూ, మంచి నేలా పనిచేస్తాయి. అందుకే స్థానాలను ప్రాంతాలవారీగా పంచుతారు.

మన తీరానికి ఏది మేలు?

నియమం న్యాయాన్ని తూచడమే గాక, ఏ పరికరాన్ని ప్రోత్సహించాలో కూడా నిర్ణయిస్తుంది. ఫీల్డ్ డే వారు బ్యాటరీకి ఐదింతలు ఇవ్వడం జాలిపడి కాదు, తుపానువంటి ఉపద్రవం వచ్చి కరెంటు పోయిన రోజున పనిచేసేది అదే గనుక. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కృష్ణకు ఇవతల రేపల్లె ప్రాంతాన్నీ వదలలేదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరపున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమానుకు వెళ్ళి, పోర్టు బ్లెయిరు నుంచి ప్రపంచపు హాములతో మాట్లాడుతూ ఉన్నది. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. ఒక్కసారిగా వందలమంది పిలుస్తూ ఉంటే ఒక్కొక్కరినే విడదీసి విని, తప్పు లేకుండా రాసుకొనే నేర్పు ఆ బృందానికి అప్పటికే చేతిలో ఉన్నది. అదే యంత్రాలు క్షేమసమాచారాలు చేరవేయడానికి ఉపయోగపడ్డాయి. పోటీలు పెంచేది సరిగా ఆ నేర్పునే. 1500 వాట్ల యంత్రం అట్టి రోజున ఏ బ్యాటరీ మీదా ఎక్కువసేపు నడవదు.

ఈ దృష్టితో మన జిల్లాల ఉన్నత పాఠశాలల మధ్య ఒక చిన్న పోటీ పెట్టదలచిన ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు చేస్తాను. లైసెన్సు ఉన్న హాము ఒకడు ప్రతి స్టేషను దగ్గరా ఉండాలి, ఇది చట్టం. తరగతి ఒక్కటే చాలును. శక్తికి హద్దు 10 వాట్లు అని పెడితే బిట్ఎక్స్ కట్టుకొన్న పిల్లలు గట్టుకు లోపలనే ఉంటారు. అసలు హద్దు ఏరియల్‌కు పెట్టాలి: ఒక్కటే తీగ, ఏ భాగమూ పది మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. 7 మెగాహెర్ట్జ్ తరంగానికి అరతరంగపు తీగ సుమారు 20 మీటర్లు. రెండు పది మీటర్ల ముక్కలు, మధ్య నుంచి కేబులు. నరసరావుపేటలో కట్టిన దానిని బాపట్ల మాస్టారు బస్సులో వచ్చి టేపు పెట్టి కొలుచుకోవచ్చును.

పది మీటర్ల ఎత్తు తక్కువ కదా అని సందేహించనక్కరలేదు. 7 మెగాహెర్ట్జ్‌కు అది పావు తరంగం. పైన చెప్పిన సూత్రంలో పెడితే సైన్ ఒకటి, కోణం 90 డిగ్రీలు. ప్రసారం నిట్టనిలువుగా పైకి పోయి, పగటిపూట అయనావరణాన్ని తాకి గొడుగులాగ చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్లలో దిగుతుంది. గుంటూరుకూ కనిగిరికీ మాట్లాడుకోవడానికి కావలసినది సరిగా ఇదే. తీరానికి ఇరుగు అనే లాభం కూడా ఇక్కడ దాదాపు ఉండదు. నిలువుగా పోయే తరంగానికి సముద్రం చేసే మేలు స్వల్పం. నేల తేడాను తరగతులతో సరిదిద్దలేకపోయినా, ఆ తేడా పనిచేయని తరంగాన్నీ, దూరాన్నీ ఎంచుకోవచ్చునన్నమాట.

మిగిలే తేడా రొద. జిన్నింగు మిల్లు మోటార్లకూ, వదులైన 11 కిలోవోల్టుల లైనుకూ దగ్గరగా ఉన్న పాఠశాల గ్రాహకంలో గరగర ఎక్కువ. దీనికి స్టూ పెర్రీ సూత్రంతో పాటు చీటీల పద్ధతి మంచిది: పాఠశాలలకు దూరంగా, చేల మధ్య, బ్యాటరీ మీద పనిచేసే స్థలాలను ముందుగా ఎంచి, ఏ జట్టుకు ఏది అన్నది ఉదయాన చీటీ తీసి చెప్పాలి.

ఇక కాలం. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో పిడుగుల వల్ల 7 మెగాహెర్ట్జ్ మీద ఏమీ వినబడదు. పైగా తీగ కింద పిల్లలను ఉంచడం ప్రమాదం. జనవరి నుంచి మార్చి వరకు మిరప కోతలు. చాల ఇళ్ళలో ఇంటిల్లిపాదీ కల్లంలోనే ఉంటారు, ఆ పైన పబ్లిక్ పరీక్షలు. 48 గంటల పోటీ తీరిక ఉన్నవానికే గాని కాయ ఆరబెట్టే ఇంటి పిల్లవానికి కాదు. డిసెంబరు మొదటి ఆదివారం పగలు పదింటినుంచి రెండింటివరకు నాలుగు గంటలు పెడితే అన్ని ఊళ్ళవారూ రాగలరు.